పాదం నడుమ ఏముంది?

నేనుండేది బహ్రెయిన్ రాజధాని మనామాలో, ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో. అరబీలో ‘బహ్ర్’ అంటే సముద్రం, ‘బహ్రైన్’ అంటే రెండు సముద్రాలు. ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఎవరికైనా ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. తెలియడానికి కాస్త ఆలస్యమయ్యేది ఇంకొకటుంది. అరబీ ఛందశ్శాస్త్రంలో మనం వృత్తం అనేదాన్ని కూడా ‘బహ్ర్’ అనే అంటారు. అంటే ఈ దేశం పేరుకి ‘రెండు ఛందస్సులు’ అని సరదాగా అర్థం చెప్పుకున్నా వ్యాకరణం అడ్డు చెప్పదు.

అరబీ రాకపోయినా అరబీ పద్యాన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. పాతకాలపు పద్యమైతే ప్రతి పంక్తీ రెండు ముక్కలుగా ఉంటుంది. రెండు ముక్కల మధ్య తెల్లగా ఖాళీ. పేజీ మొత్తం చూస్తే రెండు స్తంభాలు నిలబెట్టినట్టుంటుంది. మన పద్యం పేజీ మీద అలా కనబడదు. నాలుగు పొడవాటి పాదాలు, ఒకదాని కింద ఒకటి. మరి మన పాదానికి నడుమ అనేది లేదా? ఉంది. అది కంటికి ఎందుకు కనబడదు, కనబడకపోవడం వల్ల మనకేం పోతోంది అన్నదే ఈ వ్యాసం.

తలుపు రెక్కలు

అరబీ పద్యంలో ఒక పూర్తి పంక్తిని ‘బైత్’ అంటారు. ఇల్లు అని అర్థం. ఎడారిలో ఇల్లంటే గుడారమే. అందులో ఒక్కొక్క సగం ‘మిస్రా’. ఈ మాటకి రెండు రెక్కల తలుపులో ఒక రెక్క అని అర్థం చెబుతారు. గణాల్లోని చిన్న ముక్కలకి పెట్టిన పేర్లు కూడా గుడారం నుంచి వచ్చినవే. ఒకటి తాడు, ఇంకొకటి గుంజ. మొదటి రెక్కని రొమ్ము అని, రెండోదాన్ని వెనుక భాగం అని కూడా అంటారు. గుడారంలోకి ఒంటె కూడా వచ్చి చేరినట్టుంది.

ఈ లెక్కలన్నీ కట్టినవాడు 8వ శతాబ్దంలో బస్రా నగరంలో ఉన్న అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్. బజారులో రాగి పాత్రలు కొట్టేవాళ్ళ సుత్తి దెబ్బల మధ్య తూగు విని ఆయనకి ఛందస్సు తట్టిందని ఒక కథ ఉంది. ఆయన 15 బహ్ర్‌లను ఐదు వలయాలుగా అమర్చి చూపించాడు. పదహారోదాన్ని అల్ అఖ్ఫష్ అనే పండితుడు చేర్చాడంటారు. హైదరాబాదులో మన పెద్దవాళ్ళు ‘బస్రా ముత్యాలు’ అని మురిపెంగా చెప్పుకునేవి ఈ గల్ఫ్ సముద్రంలో దొరికినవే. వాటితో పాటు ఆ ఊరి నుంచి ఛందస్సు కూడా ఫార్సీ మీదుగా, ఉర్దూ మీదుగా హైదరాబాదు చేరింది.

లఘువు, గురువు తెలిసిన తెలుగువాళ్ళకి అరబీ గణాలు పెద్ద కష్టం కాదు. వాళ్ళ ‘ఫఊలున్’ అంటే లఘువు, గురువు, గురువు. మన యగణం. ‘మఫాఈలున్’ అంటే యగణానికి ఇంకో గురువు తగిలించడం. ‘ఫఊలున్ మఫాఈలున్’ రెండుసార్లు వస్తే ‘తవీల్’ అనే బహ్ర్‌లో ఒక రెక్క. ‘ఫఊలున్’ ఒక్కటే నాలుగుసార్లు వస్తే ‘ముతఖారిబ్’లో ఒక రెక్క. నాలుగు యగణాలంటే మనకేమిటి? భుజంగప్రయాతం! మన భుజంగప్రయాతంలో ఒక పాదం, వాళ్ళ ముతఖారిబ్‌లో ఒక రెక్క, రెండూ ఒకే కొలత. అలాగే నాలుగు రగణాల స్రగ్విణి పాదం వాళ్ళ ‘ముతదారిక్’ రెక్కకి సరిగ్గా సరిపోతుంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని వెతకక్కర్లేదు. చిన్న పొల్లు, పెద్ద పొల్లు తేడా చెవికి తెలిసిన రెండు భాషలు వేరువేరుగా నడిచి ఒకే చోటికి రావచ్చు.

ఈ తీరానికే చెందిన కవి తరఫా. ఆరో శతాబ్దం వాడు, ‘ముఅల్లఖాత్’ అని పేరు పొందిన దీర్ఘ కవితల కవుల్లో ఒకడు. అప్పట్లో బహ్రైన్ అంటే ఈ దీవి ఒక్కటే కాదు, ఎదురుగా ఉన్న అరేబియా తూర్పు తీరమంతా. తరఫా, అతని మేనమామ ముతలమ్మిస్ కలిసి హీరా రాజుని ఎగతాళి చేస్తూ పద్యాలు చెప్పారట. రాజు ఇద్దరికీ చెరొక సీలు వేసిన ఉత్తరం ఇచ్చి, బహ్రైన్ పాలకుడికి చూపిస్తే బహుమతులు ఇస్తాడని పంపాడట. మేనమామకి అనుమానం వచ్చి దారిలో తన ఉత్తరం చదివించుకున్నాడు. అందులో ఉన్నది మరణశిక్ష. దాన్ని ఏట్లో పారేసి పారిపోయాడు. తరఫా మాత్రం సీలు తీయనన్నాడు, ఉత్తరం తీసుకెళ్ళి ఇచ్చాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవంటారు. ఇది చరిత్రా కథా అన్నది అలా ఉంచితే, అతని దీర్ఘ కవిత మాత్రం నిలిచింది. నూరు పైచిలుకు బైత్‌లు, అన్నీ తవీల్‌లో, ప్రతి బైత్‌కీ రెండు రెక్కలు. కవిత పొడవునా ప్రతి బైత్ చివరా ఒకే అంత్యప్రాస. నడుమ మాత్రం విరామం.

రెండు రెక్కల మధ్య ఖాళీని అరబీ కవులు ఎప్పుడూ గౌరవించారా అంటే, లేదు. ఒక మాట మొదటి రెక్కలో మొదలై రెండో రెక్కలోకి దొర్లే పద్యాలు చాలా ఉన్నాయి. అలాంటి బైత్‌ని ‘ముదవ్వర్’ అంటారు. అచ్చులో రెండు సగాల మధ్య ‘మీమ్’ అక్షరం వేసి, ‘ఇక్కడ మాట తెగలేదు, గమనించు’ అని పాఠకుడికి చెబుతారు. అంటే వాళ్ళ దృష్టిలో నడుమ ఖాళీ ఉండటం మామూలు, లేకపోతే గుర్తు పెట్టాలి.

ఆగే చోటు

సంస్కృతంలో యతి అంటే విరామమే. శార్దూలవిక్రీడితం చూడండి. పాదానికి 19 అక్షరాలు. పన్నెండో అక్షరం దగ్గర మాట ముగియాలి, చదివేవాడు ఊపిరి తీసుకోవాలి. తర్వాత ఏడు అక్షరాలు. పన్నెండు, ఏడు. అక్కడ మాట మధ్యలో తెగితే యతిభంగం.

ఫ్రెంచివాళ్ళ పన్నెండక్షరాల పాదానిదీ ఇదే దారి. ఆరు, ఆరు. అర్థం కూడా ఆ నడుమ దగ్గరే ఆగాలని బొవాలో అనే విమర్శకుడు 1674లో తన కావ్యశాస్త్ర గ్రంథంలో కట్టడి చేశాడు. 19వ శతాబ్దంలో విక్టర్ హ్యూగో వంటివాళ్ళు ఆ కట్టు వదులు చేశారు. చైనా పాతకవిత్వంలో ఐదక్షరాల పంక్తిని రెండు, మూడుగా, ఏడక్షరాల పంక్తిని నాలుగు, మూడుగా విరిచి చదువుతారు. ఎక్కడ చూసినా సూత్రం ఒకటే. పొడుగు పంక్తిని మనిషి ఒక్క గుక్కలో పట్టలేడు, అందుకని నడుమ ఒక అరుగు కట్టారు.

ఇప్పుడు అదే శార్దూలం తెలుగులోకి వచ్చింది. అవే 19 అక్షరాలు, అదే గురులఘువుల వరస. తెలుగు లాక్షణికులు యతి ఎక్కడ పెట్టారు? 13వ అక్షరం దగ్గర. అంటే సంస్కృతంలో ఎక్కడ ఆగుతారో, సరిగ్గా ఆ అతుకు తర్వాతి అక్షరం. చోటు మారలేదు, పని మారిపోయింది. తెలుగులో అక్కడ ఆగనక్కర్లేదు. మాట ముగియనక్కర్లేదు. ఆ 13వ అక్షరం పాదంలోని మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి, అంతే. హల్లుకి హల్లు, అచ్చుకి అచ్చు పొసగాలి.

ఒక్కసారి ఆలోచిస్తే ఇది వింతే. యతి అన్న మాటకి అర్థం ఆగడం. మనం ఆ పేరు ఉంచుకుని, దానిచేత కలిపే పని చేయించాం. సంస్కృతంలో యతి పాదాన్ని రెండు చేస్తుంది, తెలుగులో యతి రెండు సగాలనీ ఒకటి చేస్తుంది. మనవాళ్ళు దీనికి వడి, వళి అని వేరే పేర్లు కూడా పెట్టుకున్నారు. ఈ పని సంస్కృతానిది కాదని వాళ్ళకీ తెలుసునేమో.

ఒక ద్విపద మీద పరీక్ష

ఇది చూపించడానికి మహాకవుల పద్యం అక్కర్లేదు. ద్విపద అన్నిటికన్నా సులువు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం యతి. రెండు పాదాలకీ రెండో అక్షరం ప్రాస. ఉదాహరణ కోసం నేనే కట్టిన రెండు పాదాలివి:

కడలులు రెండుగా కనిపించు చోట
నడిరేయి నావకు నక్షత్రమొకటి

మొదటి పాదంలో ‘కడలులు’లో క, ‘కనిపించు’లో క. రెండో పాదంలో ‘నడిరేయి’లో న, ‘నక్షత్రము’లో న. ఈ రెండు పాదాల్లోనూ యతి దగ్గర కొత్త మాట మొదలైంది కాబట్టి, కావాలంటే అక్కడ ఆగొచ్చు కూడా. ఇప్పుడు ఇంకో పాదం:

లోకాలు దాటి వెలుంగు దీపాలు

గణాలు విడదీస్తే: లోకాలు, దాటి వె, లుంగు దీ, పాలు. మూడో గణం ‘లుం’తో మొదలవుతుంది. మొదటి అక్షరం ‘లో’. ఉ, ఊ, ఒ, ఓ ఒక కుటుంబం కాబట్టి లో, లు కలుస్తాయి. యతి కుదిరింది. కానీ ‘వెలుంగు’ అనే మాట సరిగ్గా రెండుగా చీలింది. అతుకు మీద ఆగి చదివితే ‘లోకాలు దాటి వె’ అని ఒక ముక్క, ‘లుంగు దీపాలు’ అని ఒక ముక్క. అర్థం లేదు. ఆగకుండా చదివితే మాట మాటగానే ఉంటుంది, ‘లుం’ అన్న చోట చెవిలో ‘లో’ మళ్ళీ పలుకుతుంది.

మన అరపాదం ఇదే. దాని సరిహద్దు మాటల మధ్య లేదు, శబ్దంలో ఉంది. అందుకే కంటికి కనబడదు.

ఇరుగుపొరుగు భాషల్ని కూడా పక్కన పెట్టి చూడాలి. తమిళంలో ‘మోనై’ అని ఉంది. పంక్తిలో సీర్ల మొదటి అక్షరాలు కలవడం. నాలుగు సీర్ల పంక్తిలో ఒకటో సీరు, మూడో సీరు కలిస్తే దాన్ని ‘పొళిప్పు మోనై’ అంటారు. మన ద్విపదలో ఒకటో గణం, మూడో గణం కలవడమూ అదే చోట. కన్నడ కవులు రెండో అక్షరపు ప్రాసని పట్టుకున్నారు కానీ యతిని పట్టించుకోలేదు. తెలుగు రెండింటినీ నియమంగా నిలుపుకుంది. ఆ నియమాన్ని లాక్షణికులు ఎంత శ్రద్ధగా చూశారంటే, 17వ శతాబ్దంలో అప్పకవి నాటికి యతి భేదాలు నలభై దాకా లెక్కతేలాయి.

ఉత్తర సముద్రంలో మన చుట్టాలు

అతుకుని శబ్దంతో కుట్టే పద్ధతికి అసలైన చుట్టాలు ఎక్కడో ఉత్తరాన దొరుకుతారు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో పద్యపంక్తి అంటే రెండు అరపంక్తులు. ఒక్కొక్క అరపంక్తిలో రెండు బలమైన ఊనికలు. రెండో అరపంక్తిలో మొదటి ఊనిక ఏ శబ్దంతో మొదలవుతుందో, మొదటి అరపంక్తిలో కనీసం ఒక ఊనిక అదే శబ్దంతో మొదలవ్వాలి. పంక్తిలో ఆఖరి ఊనిక మాత్రం కలవకూడదు. 3182 పంక్తుల ‘బేవుల్ఫ్’ కావ్యమంతా ఇలాగే నడుస్తుంది.

పోలికలు చూస్తే నవ్వొస్తుంది. వాళ్ళకీ అచ్చులకి మైత్రి ఉంది. మనం కుటుంబాలుగా విడదీసుకుంటే, వాళ్ళు ఏ అచ్చుకి ఏ అచ్చయినా చెల్లుతుందన్నారు. కొన్ని జంట హల్లులు తమలో తాము తప్ప వేరేవాటితో కలవకూడదని వాళ్ళకీ పేచీ ఉంది. తేడా కూడా ఉంది. వాళ్ళకి హల్లు కలిస్తే చాలు, దాని మీది అచ్చు ఏదైనా ఫరవాలేదు. మనకి రెండూ కుదరాలి. ఇంకా పెద్ద తేడా ఏమిటంటే, వాళ్ళు అతుకు దగ్గర మాట ఆపి మరీ కుట్టారు. మనం ఆపకుండా కుట్టాం.

13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ వ్యాకరణవేత్త ఒలాఫ్ థోర్డార్సన్ ఈ అక్షర మైత్రిని ఓడకి కొట్టే మేకులతో పోల్చాడు. మేకులు చెక్కల్ని పట్టి ఉంచినట్టు ఇవి పద్యాన్ని పట్టి ఉంచుతాయని. మా వైపు సముద్రంలో పాతకాలం పడవలకి మేకులు కొట్టేవారు కాదు. కొబ్బరి తాడుతో పలకల్ని కుట్టేవారు. తెలుగు యతికి ఆ కుట్టిన పడవ పోలిక దగ్గరగా ఉంటుందనిపిస్తుంది.

బేవుల్ఫ్ విషయంలో ఇంకొకటి గమనించాలి. సుమారు వెయ్యో సంవత్సరం నాటి ఆ చేతిరాత ప్రతిలో పద్యం పంక్తులుగా విడదీసి లేదు. వచనం లాగా ఏకధాటిగా రాసి ఉంది. ఈరోజు అచ్చు పుస్తకంలో నడుమ ఖాళీతో కనిపించే రెండు సగాలూ తరవాతి పండితులు శబ్దాన్ని పట్టుకుని విడదీసినవి. మన తాటాకు ప్రతులూ అంతే. ఆకు మీద చోటు దండగ చెయ్యకుండా పద్యాన్ని వరసగా రాసుకుపోయారు. పాదం ఎక్కడ ముగిసింది, నడుమ ఎక్కడుంది అన్నవి చదివేవాడి చెవికి వదిలేశారు.

నా వృత్తి భాషలో చెప్పాలంటే యతి ఒక చెక్‌సమ్. ఫైలు ఒక చోటు నుంచి ఇంకో చోటికి పంపినప్పుడు మధ్యలో ఏదైనా చెడిందేమో చూసుకోవడానికి ఒక చిన్న లెక్క జతచేస్తాం. యతి, ప్రాస ఆ లెక్కే. తాటాకు నకలు చేసేవాడు ఒక మాట తప్పు రాస్తే, యతి తప్పిన చోట పరిష్కర్తకి అనుమానం వస్తుంది. నోటికి వచ్చిన పద్యంలో మాట మరిచిపోతే, పాదం మొదటి అక్షరమే ఆ మాటని వెతికిపెడుతుంది. పద్యాలు ముద్రణ లేకుండా వందల ఏళ్ళు బతికాయంటే ఈ కుట్టు కూడా ఒక కారణం.

కుట్టిన జంట, కుట్టని జంట

తెలుగులో కూడా అరపాదాలు అన్నీ ఒక రకం కావు. 9వ శతాబ్దం నాటి అద్దంకి శాసనంలో పండరంగని విజయాలు చెప్పే తరువోజ పద్యం ఉంది. తెలుగులో దొరికిన అతి పాత పద్యశాసనాల్లో అదొకటి. తరువోజ అంటే ఏమిటి? రెండు ద్విపద పాదాలు పక్కపక్కన పెడితే ఒక తరువోజ పాదం. మొదటి గణంతో మూడో గణం, ఐదో గణం, ఏడో గణం యతి కలవాలి. అంటే ప్రతి సగం లోపలా కుట్టు ఉంది, సగానికీ సగానికీ మధ్య కూడా కుట్టు ఉంది.

సీసం దీనికి వ్యతిరేకం. సీసపాదం మొదటి సగంలో నాలుగు ఇంద్రగణాలు, రెండో సగంలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ప్రతి సగంలోనూ మూడో గణం దగ్గర యతి, ఆ సగం మొదటి అక్షరంతోనే. రెండు సగాల మధ్య యతి సంబంధం లేదు. మాట కూడా మామూలుగా అక్కడ ముగుస్తుంది. అందుకే పుస్తకాల్లో సీసపాదాన్ని హాయిగా రెండు పంక్తులుగా విరిచి వేస్తారు. శ్రీనాథుడి సీసాలు అంత తూగుతో నడవడానికి ఈ విడి సగాలు బాగా తోడ్పడ్డాయి. అరబీ బైత్‌లాగా కంటికి కనిపించే అరపాదం మనకి ఉందంటే అది సీసంలోనే.

నడుమ అంటే సరిగ్గా నడుమేనా అన్న ప్రశ్న మధ్యాక్కరలో వస్తుంది. పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం; మళ్ళీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. తూకం వేసినట్టు రెండు సమానమైన సగాలు. యతి నాలుగో గణం దగ్గర పెడితే అది సరిగ్గా మధ్య. తరవాతి కవులు అలాగే పెట్టారు. కానీ నన్నయ ఐదో గణం దగ్గర పెట్టాడు. లయ ఒక చోట విరుగుతుంది, శబ్దం ఇంకో చోట కలుస్తుంది. సరిగ్గా అతుకు మీదే కుట్టాలని ఆయన అనుకోలేదు. నాకు నన్నయ పద్ధతే తెలుగు యతి స్వభావానికి దగ్గరగా అనిపిస్తుంది.

సగం నాది, సగం నీది

అరపాదం ఇంకో పని కూడా చేస్తుంది. ఇద్దరిని కలుపుతుంది. ఉర్దూ ముషాయిరాల్లో ముందుగానే ఒక మిస్రా ఇచ్చి, దాని మీద గజల్ చెప్పమంటారు. ఇచ్చిన మిస్రాకి కవి తన మిస్రా జోడించడాన్ని ‘గిరహ్’ వెయ్యడం అంటారు. గిరహ్ అంటే ముడి. గజల్‌ని తెలుగు చేసిన దాశరథి, సి. నారాయణరెడ్డి ఇద్దరూ ఆ హైదరాబాదు వాతావరణంలోంచి వచ్చినవాళ్ళే.

మన సమస్యాపూరణం దీనికి సోదరి. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. చూడటానికి అసంబద్ధంగానో అనుచితంగానో ఉంటుంది. అవధాని మిగతా పాదాలు చెప్పి అర్థాన్ని దారికి తెస్తాడు. తిరుపతి వేంకటకవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన రోజుల నుంచీ దీని రుచి మన సామాన్య శ్రోతలకి కూడా తెలుసు. ఇందులో ఎక్కువగా వాడే ఉపాయం ఏమిటో గుర్తు తెచ్చుకోండి. ముందు పాదం చివర రెండు అక్షరాలు పెట్టి, ఇచ్చిన పాదంలోని మొదటి మాటని ఇంకో మాటగా మార్చేస్తారు. మాట పాదం గట్టు దాటి పారే భాషలోనే ఈ ఉపాయం ఇంత బాగా చెల్లుతుంది. అతుకు దగ్గర ఆగకపోవడమన్న మన అలవాటే అవధానికి ఆయుధం.

పూరించకుండా వదిలేసిన సగాలూ ఉన్నాయి. రోమన్ కవి వర్జిల్ క్రీ.పూ. 19లో చనిపోయేనాటికి ‘ఈనియడ్’ కావ్యం పూర్తి కాలేదు. అందులో దాదాపు అరవై పంక్తులు సగంలో ఆగిపోయి ఉన్నాయి. కావ్యాన్ని లోకానికి ఇచ్చిన మిత్రులు వాటిని పూరించే సాహసం చెయ్యలేదు. రెండు వేల ఏళ్ళుగా ఆ సగాలు అలాగే ఉన్నాయి.

కుట్టు విప్పినవాళ్ళు

ఆధునిక కాలంలో అందరూ ఈ నడుమ మీదే చెయ్యి వేశారు. ఇరాక్ కవయిత్రి నాజిక్ అల్ మలాయిక 1947లో కలరా మీద రాసిన కవితలో రెండు రెక్కల బైత్‌ని వదిలేసింది. గణాన్ని ఉంచుకుంది, పంక్తికి ఎన్ని గణాలన్నది భావానికి వదిలింది. అరబీ పేజీ మీద రెండు స్తంభాలు అప్పటి నుంచి కూలడం మొదలైంది.

మన దగ్గర ఆ పని అంతకు ముందే జరిగింది. గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’ రాశాడు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు. మళ్ళీ మూడు, నాలుగు. పంక్తికి రెండు సగాలు స్పష్టంగా ఉన్నాయి. ఆయన తీసేసింది యతిని, ప్రాసని. అంటే కుట్టు విప్పేసి, తూగుని ఉంచాడు. తూగు బలంగా ఉంటే కుట్టు లేకపోయినా సగాలు విడిపోవని నిరూపించాడు. అరబీలో పద్యాన్ని ‘నజ్మ్’ అంటారు, ముత్యాలు దండ గుచ్చడం అని అర్థం. వచనాన్ని ‘నస్ర్’ అంటారు, చల్లడం. ముత్యాల దీవిగా పేరుపడ్డ ఈ చోట కూర్చుని గురజాడ పెట్టిన పేరు తలుచుకుంటే, ఆయన వదిలింది పూసల మధ్య ముడుల్ని మాత్రమేనని అర్థమవుతుంది. దారం అలాగే ఉంది.

ఫోను ఎక్కడ విరుస్తుంది

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈరోజు మనలో ఎక్కువమంది పద్యం చదివేది ఫోనులో. ఉత్పలమాల పాదం ఆ తెర వెడల్పులో పట్టదు. ఎక్కడ చోటు అయిపోతే అక్కడ ఫోను పాదాన్ని విరిచేస్తుంది. ఆ విరుపుకి యతితో సంబంధం లేదు. నాలుగు పాదాలు ఏడెనిమిది ఎగుడుదిగుడు ముక్కలవుతాయి. కొత్తగా చదివేవాడు ఆ ముక్కల చివరే ఆగుతాడు. అంటే మన అరపాదాన్ని ఇప్పుడు ఫాంటు సైజు నిర్ణయిస్తోంది.

అరబీ వెబ్ పేజీల్లో ఈ బాధ తక్కువ. చోటు చాలకపోతే రెండో రెక్కని కింది వరసలోకి దించి కాస్త పక్కకి జరుపుతారు. పద్యం చెక్కుచెదరదు, ఎందుకంటే వాళ్ళ నడుమ ఖాళీయే. సంస్కృత శ్లోకాన్నీ విరామం దగ్గర విరవచ్చు. మన సీసాన్నీ విరవచ్చు. కానీ ఉత్పలమాలని పదో అక్షరం దగ్గర, చంపకమాలని పదకొండో అక్షరం దగ్గర విరిచే ప్రోగ్రాము రాయడం నాకు పది నిమిషాల పని. రాస్తే ‘వె’ ఒక వరసలో, ‘లుంగు’ ఇంకో వరసలో పడతాయి. కుట్టుని చూపించబోయి గుడ్డ చింపినట్టవుతుంది. ఫోను మీద నేను కనిపెట్టగలిగిన మర్యాద ఇంతే: పాదాన్ని మాట ముగిసిన చోట విరవడం, విరిగిన వరసని కొంచెం లోపలికి జరపడం, యతి అక్షరాన్ని బొద్దుగానో రంగులోనో చూపించడం.

రెండో సంగతి. ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. చాలా మంచి పని చేస్తున్నాయి. కొత్తగా పద్యం రాసేవాళ్ళకి భయం పోగొట్టాయి. యతి కుదిరితే పచ్చరంగు, తప్పితే ఎర్రరంగు. కానీ పచ్చరంగు కోసం రాసిన పద్యంలో యతి అక్షరం ఒక పరీక్ష పాసవడానికి వచ్చి కూర్చుంటుంది. పాదం మొదట్లో పలికిన ధ్వని నడుమ మళ్ళీ పలికి మనల్ని పట్టుకోవాలన్న కోరిక అందులో ఉండదు. కళ్ళతో చదివితే ఆ తేడా తెలియదు. పైకి చదివితే తెలుస్తుంది.

పోయేది ఇదే. ఖాళీతో చూపించే అరపాదాన్ని మౌనంగా చదివినా పోగొట్టుకోలేరు, అది కంటి ముందే ఉంటుంది. మన అరపాదానికి పైకి చదవడం తప్ప వేరే ఉనికి లేదు. చదవడం మానేసిన తరానికి అది పోయిందని కూడా తెలియదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో పెరిగే మన పిల్లలు రేపు తెలుగు అక్షరాలు నేర్చుకుని పోతన భాగవతం ఫోనులో తెరవగలరు. మాటలకి అర్థాలూ దొరుకుతాయి. పాదం మొదటి అక్షరం నడుమకి వచ్చి మళ్ళీ పలకరించడం మాత్రం ఎవరో ఒకరు నోటితో చదివి వినిపిస్తేనే అందుతుంది.

దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. వేమన ఆటవెలదితో మొదలుపెట్టవచ్చు. అందులో యతి నాలుగో గణం దగ్గర వస్తుంది. దాని బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. పిల్లలకి గణాల పేర్లు చెప్పకండి. పద్యం రెండుసార్లు చదివి, మూడోసారి యతి ఉన్న మాట దగ్గర ఆగి, ‘ఇక్కడ ఏ మాట వస్తుంది?’ అని అడగండి. మొదటి అక్షరం చెవిలో ఉన్న పిల్ల ఆ మాట అందిస్తుంది. అందించిందంటే యతి ఆ పిల్లకి వచ్చేసినట్టే. లక్షణం తరవాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.